కృపాబాయి సత్యనాథన్ : జీవితము, నవలలు

ఆంధ్రదేశమున స్త్రీవిద్యకును వితంతూద్వాహమునకును జరిగిన కృషిని చెప్పునపుడు రాజమహేంద్రవరమును మొదటఁ బేర్కొనుట పరిపాటి. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించెను. ఈ వివాహము జరిగి మూఁడేండ్లైనను నిండకమునుపే, 1884లో, ఇరువదిరెండేండ్ల యువతి యొకతె భర్తవెంట ఆ పట్టణమునకు వచ్చి కొంతకాలము వసించెను. పదేండ్లకు ఆమె యొక బాలవితంతువు కథను ఇంగ్లీషున నవలగా ముగించి ఆ యేఁటనే కాలధర్మము నొందెను. ఆమెయే కృపాబాయి సత్యనాథన్. ఆమె మహారాష్ట్ర వనిత. తెలుఁగున వ్రాసినది కాదు. కావున ఆంధ్రనవలాచరిత్రమున ఆమెకు స్థానము లేకుండుట సహజమే. అయినను నాఁటి తెలుఁగు గ్రంథకర్తలు లేవనెత్తిన ప్రశ్ననే ఆమె మఱియొక ముఖమునుండి విచారించినది. ఆ విచారము తెలుఁగువారు తెలిసికొనఁదగినది.

కృపాబాయి 1862 ఫిబ్రవరి 14వ తేదీన అహమ్మదునగరమున జన్మించెను. తండ్రి హరిపంతు ఖిస్తీ, తల్లి రాధాబాయి. వారు బ్రాహ్మణులై యుండి క్రైస్తవమతమును స్వీకరించిరి. హరిపంతు మతప్రచారకుఁడయ్యెను. పదునలుగురు సంతానములో ఈమె పదుమూఁడవది. తండ్రి ఈమె బాల్యముననే గతించెను. పెంపకము తల్లిదైనను, చదువునందు అభిరుచి కలిగించినవాఁడు అన్న భాస్కరుఁడు. అతఁడును చిన్నతనముననే మరణించుటచే ఆమె మనస్సునకుఁ దగిలిన గాయము తుదిదాఁక మానలేదు.

పిమ్మట ఆమె బొంబాయిలో మిషను దొరసానుల పాఠశాలలోఁ జదివెను. వైద్యవిద్యకై ఇంగ్లండునకుఁ బోవుటకు విద్యార్థివేతనము లభించెఁగాని, దేహారోగ్యము చాలకపోవుటచే ఆ ప్రయాణము నిలిచిపోయెను. చెన్నపురి వైద్యకళాశాల 1875లో స్త్రీలను చేర్చుకొన నారంభించియుండెను. 1878లో కృపాబాయి అందుఁ జేరి, మొదటి సంవత్సరమున మంచి పేరు పొందెను. పిదప ఆరోగ్యము చెడి, చదువు మానవలసివచ్చెను.

చెన్నపురిలో ఆమె బస డబ్ల్యు. టి. సత్యనాథన్ అను క్రైస్తవ గురువు నింట. ఆయన భార్య అన్నా బాలికాపాఠశాలలను నడపిన విదుషి. ఆమెయు జాన్ దేవసహాయమను గురువు కూఁతురే. ఆ దంపతుల కుమారుఁడు సామ్యూలును కృపాబాయి 1883లో వివాహమాడెను. ఇట్లు పుట్టినింటను మెట్టినింటను గూడ ఆమెది మతగురువుల కుటుంబమే. ఆ కుటుంబములలో స్త్రీకిఁ జదువు నిషిద్ధము కాదు, సేవాకార్యములలో భాగమే. భర్త ప్రధానోపాధ్యాయుఁడుగా నున్న ఉదకమండలమున ఆమె మహమ్మదీయ బాలికలకుఁ బాఠశాల పెట్టెను. ‘ఇండియన్ లేడీ’ యను మాఱుపేరుతోఁ బత్రికలకు వ్యాసములు వ్రాసెను. పిమ్మట రాజమహేంద్రవరము, కుంభకోణము. 1886లో మరల చెన్నపురి. పుట్టిన యొక్క బిడ్డయుఁ బసితనముననే పోయెను. ఈ దుఃఖము, వ్యాధి వెంటాడుచుండఁగనే ఆమె నవలారచనకుఁ బూనుకొనెను.

మొదటి నవల ‘సగుణ’ 1887, 1888 సంవత్సరములలో మద్రాసు క్రిస్టియన్ కాలేజి పత్రికయందుఁ బ్రకటితమై, 1895లో గ్రంథరూపమున వెలువడెను. ఇందలి కథ చాలవఱకు గ్రంథకర్త్రి కథయే. పూర్వభాగమున తల్లి రాధ చిన్ననాఁటి పెండ్లి, అత్తవారింటి జీవితము, మతాంతరమునకు ఇష్టము లేకయే భర్త ననుసరించుట వర్ణింపఁబడినవి. ఉత్తరభాగమున కుమార్తె చదువు ప్రధానము. విశేషమేమనఁగా, మతగురువు కూఁతురైనను గ్రంథకర్త్రి స్వజనులను పొగడుటకే గ్రంథము వ్రాయలేదు. నల్లవారని చులకనగాఁ జూచు దొరసానుల నడవడి సగుణ మనస్సును నొప్పించిన తీరును దాఁచక చెప్పినది. తెలివిగల బాలికకుఁ జదువు దొరకినను, ఆ చదువునకుఁ దగిన గౌరవము వెంటనే దొరకదని ఆ కథ తేటపఱచుచున్నది.

రెండవ నవల ‘కమల’ 1894లో వెలువడినది. కమల ఏకాంతవాసియగు తండ్రియొద్దఁ బెరిగి కొంత విద్య నేర్చిన బ్రాహ్మణకన్య. చిన్నతనమున వివాహమై అత్తవారిల్లు సొచ్చినంతనే ఆ విద్యయే ఆమెకు దోషమైనది. అత్తయు ఆఁడుబిడ్డలును బాధించిరి. భర్త గణేశుఁడు మొదట ఆదరించియుఁ బిదప పరస్త్రీకి వశుఁడయ్యెను. తుదకు అతఁడు మరణించెను, కమల వితంతువయ్యెను. ఆమెను బాల్యమునుండి యెఱిఁగిన రామచంద్రుఁడు తన్ను వివాహమాడుమని కోరఁగా, నిరాకరించి, అనాథలకును వితంతువులకును దన ధనమును వినియోగించెను.

ఈ ముగింపు సంస్కర్తలకు రుచింపకపోవచ్చును. వితంతూద్వాహమును శాసనము 1856లోనే అంగీకరించినది. వీరేశలింగము పంతులు దానిని ఆచరణమునకుఁ దెచ్చెను. అట్టి కాలమున నాయికచే నిరాకరింపఁజేయుట పూర్వాచారమునకు లొంగుట కాదా యని యాక్షేపము. కథను సావధానముగాఁ జదివినచో సమాధానము దొరకును. రామచంద్రుని మాటకు కమల మనస్సు చలింపక పోలేదు. చిన్ననాఁటినుండి నాటుకొన్న మతభావమే ఆమెను నిలిపివేసెను. శాసనము అనుజ్ఞ యీఁగలదు; బాల్యమునఁ బడిన ముద్రను ఒక్క దినమునఁ దుడువఁజాలదు. ఆ ముద్రను బాల్యముననే మార్పఁగలది విద్య యొక్కటియే. సగుణకు దొరకినది, కమలకు సగములో నిలిచిపోయినది ఆ విద్యయే. కావున ఈ రెండు నవలలును వేర్వేఱు మతస్థుల కథలుగాఁ గన్పట్టినను ఒకే ప్రశ్న యొక్క రెండు పార్శ్వములు.

ఆ ప్రశ్న దూరదేశపుది కాదు. నాఁడు గజపతినగరము తాలూకాతోఁ గూడిన విశాఖపట్టణ మండలమున, విజయనగర మహారాజు సేకరింపించిన లెక్కనుబట్టి, మూఁడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములయందు 1034 కన్యాశుల్క వివాహములు జరిగినట్లు గురజాడ అప్పారావు తన నాటకపీఠికలోఁ దెలిపెను. ఆ ‘కన్యాశుల్కము’ విజయనగరమున 1892లోఁ బ్రదర్శింపఁబడినది. ‘కమల’కు రెండేండ్లు ముందు. ఒకరు అపహాస్యముచేతను, ఒకరు కరుణచేతను ఒకే రోగమును జూపిరి. ఒకే కాలమున నుండుటచే ఒకరినుండి యొకరు గ్రహించిరని చెప్పరాదు. రోగము ఒక్కటి యగుటయే పోలికకుఁ గారణము.

తెలుఁగునఁ గృపాబాయితోఁ బోల్చఁదగినది భండారు అచ్చమాంబ (1874–1905). ఆమెకును జదువు సోదరునివలన, కొమఱ్ఱాజు లక్ష్మణరావువలనఁ గలిగినది. ఆమెయు బిడ్డలను గోలుపోయినది. ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ రచించి ముప్పదియొక్క యేండ్లకు లోఁబడియే గతించినది. కృపాబాయి 1894 ఆగస్టులో చెన్నపురియందు ముప్పదిరెండవ యేఁట మరణించెను. వైద్యకళాశాలలోఁ జదువు స్త్రీలకు ఆమె పేర విద్యార్థివేతనము నెలకొల్పఁబడినది. ఆమె నవలలు తమిళమునఁ గూడ వెలువడినవి. సామ్యూలు పిదప వివాహమాడినది రాజమహేంద్రవరమునఁ బుట్టిన ఒరుగంటివారి యాఁడుపడుచును. ఆ కమలా సత్యనాథనే 1901లో ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ అను పత్రికను స్థాపించి నడపెను. ఇట్లు కృపాబాయి విడిచిన లేఖిని తెలుఁగు వనిత చేతికి వచ్చినది.

భాషచేతఁ గృపాబాయి ఆంధ్రనవలాకర్త్రి కాదు. కాని స్త్రీకి అనుజ్ఞ యిచ్చుటతోనే కార్యము తీఱదనియు, ఆ యనుజ్ఞను గ్రహింపఁగల మనస్సును బాల్యముననే పెంపవలయుననియు ఆమె చెప్పిన మాట బాలికలకు విద్య గఱపు ప్రతి పండితుఁడును స్మరింపఁదగినది.