శివారుకు చేరని విమానం

2003 సెప్టెంబరు 24న హైదరాబాదు బేగంపేటలో ఒక చిన్న ఏటీఆర్ విమానం విజయవాడ పక్కనున్న గన్నవరం ప్రయాణానికి రన్‌వే మీదికి వచ్చింది. నెల కిందటే బెంగళూరు–హుబ్లీ సర్వీసుతో కళ్లు తెరిచిన ఎయిర్ డెక్కన్ సంస్థకు హైదరాబాదు–విజయవాడ దారిలో అదే తొలి విమానం. లోపల వెంకయ్యనాయుడు ఉన్నారు, అప్పటి పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. చక్రాలు నేల వదలకముందే ఇంజనులో మంటలు లేచాయి. పైలట్ టేకాఫ్ ఆపేశాడు. ఫైరింజన్లు వచ్చి మంటలు ఆర్పాయి. అందరూ క్షేమంగా దిగారు.

కొత్తగా పుట్టిన సంస్థకు అంతకంటే అపశకునం ఉండదు. అయినా ఎయిర్ డెక్కన్ తట్టుకుంది. గన్నవరానికి విమానం వచ్చింది, ఆపైన రోజూ వస్తూ ఉండేది. ఆ మంటలకు లొంగని సంస్థ నాలుగేళ్ల తరవాత ఒక ఒప్పందం మీద పడిన సంతకాలకు లొంగిపోయింది. దాని కథ మనవైపు నుంచి ఎవరూ చెప్పలేదు. చెప్పుకోవలసిన కథ అది.

మన నందివాడ మండలం కృష్ణా డెల్టాకి శివారు. బుడమేరు ఇటుగా సాగి కొల్లేట్లో కలుస్తుంది. ఒకప్పటి వరిచేలు చాలావరకు ఇవాళ చేపల చెరువులు. ఇక్కణ్నుంచి గుడివాడ, అక్కణ్నుంచి హనుమాన్ జంక్షన్, ఆపైన హైవే ఎక్కితే గన్నవరం. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్లు గుడివాడ చుట్టుపక్కల ఊరూరా ఉన్నాయి. మనవణ్ని ఎత్తుకోవడానికి బయలుదేరే అమ్మమ్మలు, తాతయ్యలు పెట్టెలతో రాత్రి బస్సో రైలో ఎక్కి, నిద్రలేని కళ్లతో హైదరాబాదులో దిగి, అక్కడ విమానం అందుకునేవారు. గన్నవరంలో విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఉంది. లేనిది విమానమే.

అంతకుముందు ఒకసారి వచ్చి పోయింది. 1981లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి చిన్న ఊళ్లకోసం వాయుదూత్ అనే సంస్థను పెట్టాయి. దాని విమానాలు గన్నవరంలోనూ దిగేవి. నష్టాలు పేరుకుపోయాయి. 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. దాని ఉద్యోగులను పెద్ద సంస్థలు సర్దుకున్నాయి. దాని ఊళ్లను మాత్రం ఎవరూ సర్దుకోలేదు. గన్నవరం ఏళ్ల తరబడి రోజువారీ విమానం లేకుండా ఉండిపోయింది.

కాలవ నీటి మీద బతికేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. వానలు బాగుంటే శివారు చేనుకీ తడి అందుతుంది. కొరత వచ్చిన ఏడు మొదట నెర్రెలు విచ్చేది శివారే. రెండు విమాన సంస్థలు కలిసినప్పుడు నాకు కనిపించేది కూడా అదే. బలహీనమైనది బలమైనదానిలో కలుస్తుంది, ఆ బలమైనదానికి కష్టకాలం వస్తుంది, అప్పుడు మొదట ఎండిపోయేది చిట్టచివరి ఊరు.

ఎయిర్ డెక్కన్‌ని స్థాపించిన కెప్టెన్ గోపీనాథ్‌ది కర్ణాటకలో హాసన్ జిల్లా గొరూరు. బడిపంతులు కొడుకు. 1971 యుద్ధంలో పనిచేసి, సైన్యం వదిలి, వ్యవసాయం చేసి, 1997లో హెలికాప్టర్ల సంస్థ పెట్టాడు. ఆ తరవాత ఆటో ఎక్కేవాణ్ని విమానం ఎక్కిస్తానని బయలుదేరాడు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడే ఆ సంస్థ గుర్తు. ముందుగా కొనుక్కున్న కొద్దిమందికి టికెట్టు రూపాయికే దొరికేది. 2020లో వచ్చిన ‘ఆకాశం నీ హద్దురా’ సినిమాకు అతని జీవితమే ప్రేరణ. సినిమా గెలుపు దగ్గర ముగిసింది. జీవితం అక్కడ ఆగలేదు.

చిన్న ఊరి విమానం నిలదొక్కుకోవాలంటే దాని లెక్క వేరుగా ఉండాలి. హైదరాబాదు–విజయవాడ ప్రయాణం గంటసేపు కూడా పట్టదు. అంత చిన్న దూరానికి ఎక్కువ ధర ఎవరూ పెట్టరు. కాబట్టి విమానం నేలమీద తక్కువసేపు ఆగాలి, రోజుకు ఎక్కువసార్లు తిరగాలి. ఉచిత భోజనం ఉండకూడదు, ఆర్భాటం ఉండకూడదు, తక్కువమంది సిబ్బందితో పని నడవాలి. ఎనభై సీట్ల లోపు విమానాలకు ప్రభుత్వం ల్యాండింగ్ చార్జీలు మాఫీ చేసింది కాబట్టి ఏటీఆర్‌లతో ఆ లెక్క ఏదోలా కుదిరేది. ఇలా పొదుపుగా నడుస్తూనే ఎయిర్ డెక్కన్ నాలుగేళ్లలో 60కి పైగా ఊళ్లకు ఎగిరింది.

కాని మరీ వేగంగా పెరిగింది. విమానాలు ఆలస్యమయ్యేవి, రద్దయ్యేవి, ప్రయాణికులు తిట్టుకునేవారు. నష్టాలు వందల కోట్లకు చేరాయి. 2006 వేసవిలో వాటాలు అమ్మకానికి పెట్టేసరికి స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ధర తగ్గించి, గడువు పొడిగించి ఆ జారీని గట్టెక్కించవలసి వచ్చింది. చేతిలో డబ్బు కరిగిపోతున్న వేళ, 2007 మే చివర్లో, విజయ్ మాల్యా యూబీ గ్రూపు సుమారు 550 కోట్ల రూపాయలకు 26 శాతం వాటా కొన్నది. తరవాత ఇంకా కొన్నది.

మాల్యా సొంత విమాన సంస్థ కింగ్‌ఫిషర్ 2005లో మొదలైంది. సీటు ముందు టీవీ, మంచి భోజనం, ఎర్రటి తివాసీ మర్యాద దానికి పేరు తెచ్చాయి. ఒకరిది బస్సులో వెళ్లేవాణ్ని పిలిచే సంస్థ, ఇంకొకరిది బిజినెస్ క్లాసువాణ్ని పిలిచే సంస్థ. ఈ రెండింటినీ కలిపిన అవసరం ఏమిటి? అప్పటి నిబంధన ప్రకారం విదేశాలకు ఎగరాలంటే దేశంలో అయిదేళ్లు నడిచి ఉండాలి, ఇరవై విమానాలుండాలి. కింగ్‌ఫిషర్‌కి అయిదేళ్లు నిండలేదు. డెక్కన్‌కి 2008 ఆగస్టులో నిండుతాయి. అందుకే కాగితాల మీద కింగ్‌ఫిషర్ వచ్చి డెక్కన్ కంపెనీలో కలిసింది. ఆపైన ఆ కంపెనీ పేరే కింగ్‌ఫిషర్‌గా మారింది. 2008 సెప్టెంబరు 3న బెంగళూరు నుంచి లండన్‌కి దాని తొలి విదేశీ విమానం లేచింది. హుబ్లీకీ గన్నవరానికీ తిరిగి సంపాదించిన అయిదేళ్ల వయసు లండన్ ప్రయాణానికి అర్హతగా పనికొచ్చింది.

కలపడం అంటే తోక మీద రంగు మార్చినంత తేలిక కాదు. ఏ విమానం ఎవరి పర్మిట్ మీద ఎగరాలో తేలాలి. కాక్‌పిట్‌లో ఎవరి చెక్‌లిస్టు చదవాలో, మరమ్మతులు ఎవరి మాన్యువల్ ప్రకారం చెయ్యాలో, టికెట్లు ఏ సిస్టంలో అమ్మాలో తేలాలి. అన్నిటికంటే కష్టం పైలట్ల సీనియారిటీ. ఎవరు ముందు కెప్టెన్ అవుతారు, ఎవరికి పెద్ద విమానం దక్కుతుంది అన్నది జీవితకాలపు జీతాన్ని నిర్ణయిస్తుంది. అమెరికాలో 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ ఒకే పేరు కింద కలిసినా, రెండు వర్గాల పైలట్లు సీనియారిటీ కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. మన ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాయి. టికెట్ల మీద రెండు కోడ్‌లు పోయి ఒకటి కావడానికే 2011 వచ్చింది. కొత్త డ్రీమ్‌లైనర్ల శిక్షణ ఎవరికివ్వాలన్న తగువుతో 2012లో పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. ఉద్యోగుల లెక్కలు సర్దడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ కావలసి వచ్చింది.

అయితే అక్కడ కలిసిన సంస్థలకు పని ఒక్కటే. డెక్కన్, కింగ్‌ఫిషర్ పనులే వేరు. పేరు మొదట సింప్లిఫ్లై డెక్కన్ అయింది, 2008 ఆగస్టు చివర్లో కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. లక్ష్మణ్ సామాన్యుడు విమానం మీంచి దిగిపోయాడు, ఆ చోట ఎర్రని లకుముకి పిట్ట వాలింది. టికెట్టు ధర పెరిగి పెద్ద సర్వీసుకు దగ్గరపడింది. చౌక కోరినవాళ్లు ఇండిగో, స్పైస్‌జెట్ వైపు వెళ్లారు. సుఖం కోరినవాళ్లకు ఎర్ర విమానం చాలలేదు. పొదుపుగా నడిచే సంస్థమీద ఖర్చుగా నడిచే సంస్థ భారం పడింది. సరిగ్గా ఆ ఏడే, 2008 జులైలో, ముడిచమురు పీపా 147 డాలర్లు దాటింది. ఆ వెనకే ప్రపంచమంతా మాంద్యం.

పుట్టినప్పటినుంచీ ఒక్క ఏడాదీ లాభం చూడని కింగ్‌ఫిషర్ అప్పుల మీద అప్పులు చేసింది. 2011 సెప్టెంబరులో మాల్యా చౌక సర్వీసు మూసేస్తున్నామన్నాడు. గోపీనాథ్ సంస్థలో మిగిలిన చివరి ఆనవాలు కూడా ఆ రోజుతో పోయింది. నవంబరులో విమానాలు గుంపులు గుంపులుగా రద్దయ్యాయి. 2012 అక్టోబరు నాటికి ఉద్యోగులు ఏడు నెలలుగా జీతం ఎరగరు. ఢిల్లీలో ఒక ఉద్యోగి భార్య ప్రాణం తీసుకుంది. ఇంజనీర్లు, పైలట్లు విధులు మానేశారు, యాజమాన్యం లాకౌట్ అంది. అక్టోబరు 20న విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు సస్పెండ్ చేసింది. ఏడాది చివరికి దాని గడువూ తీరిపోయింది. స్టేట్ బ్యాంకు ముందుండగా 17 బ్యాంకులు వడ్డీతో కలిపి 9,000 కోట్లకు పైగా రావాలని కోర్టులకెక్కాయి. 2016 మార్చిలో మాల్యా దేశం దాటాడు.

దేశం దాటిన మనిషి గురించి పత్రికలు రాశాయి, టీవీలు అరిచాయి. బ్యాగులు మోసిన కుర్రాడు, కౌంటర్లో బోర్డింగ్ పాసు ఇచ్చిన అమ్మాయి, రాత్రంతా మేలుకుని ఏటీఆర్ ఇంజను విప్పి బిగించిన మెకానిక్ ఎటు పోయారో ఎవరూ రాయలేదు. నా దుఃఖం వాళ్లకోసం. ఇంకొక దుఃఖం, చిన్న ఊరి ప్రయాణికుణ్ని మొట్టమొదటి ప్రయాణికుడిగా లెక్కపెట్టిన ఒక ఆలోచన కోసం.

ఆ లోటు పూడ్చాలని తరవాత కొందరు ప్రయత్నించారు. విజయవాడ కేంద్రంగా 2013లో ఎయిర్ కోస్టా వచ్చి 2017లో ఆగిపోయింది. హైదరాబాదు ట్రూజెట్ 2015లో లేచి 2022లో ఆగిపోయింది. ఇప్పుడు గన్నవరానికి కొత్త టెర్మినల్ ఉంది, విమానాలున్నాయి. నందివాడ మనిషి విమానం కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాదు దాకా వెళ్లనక్కరలేదు. అందుకు సంతోషమే. కాని ఆ విమానాలన్నీ ఇవాళ రెండు మూడు పెద్ద సంస్థల చేతుల్లో ఉన్నాయి. 2024 నవంబరులో విస్తారా కూడా ఎయిరిండియాలో కలిసిపోయింది.

విలీనం పాపమని నేననను. మునిగే సంస్థకు కొన్నిసార్లు అదొక్కటే ఒడ్డు. ఎయిర్ డెక్కన్ చేతిలో డబ్బు అయిపోయిన మాట కూడా నిజమే. అయితే రెండు సంస్థలు కలిసే రోజున వాటాదారుల లెక్క చూస్తారు, బ్యాంకుల లెక్క చూస్తారు, పైలట్ల సీనియారిటీకి కమిటీలు వేస్తారు. చిన్న సంస్థ నమ్మించి తెచ్చిన ఊళ్ల లెక్క ఎవరూ అడగరు. ఫలానా ఊళ్లకు ఇన్నేళ్లు విమానం నడపాలన్న షరతు ఆ ఒప్పందంలోనే రాయించాలి. నడపలేకపోతే ఆ దారిని నడపగలిగే మరో సంస్థకు అప్పగించాలి. వాయుదూత్‌తో ఒకసారి, డెక్కన్‌తో మరోసారి పోగొట్టుకున్న మనకు ఆ షరతు అడిగే హక్కుంది. అడగవలసిన బాధ్యతా ఉంది.