స్పర్శజ్ఞానం - హకీములు, నేటి చికిత్స

యాచారం వంటి ఊళ్ళలో పక్షవాతమనగానే పెద్దలకు ముందుగా తోచేది మాలిష్. యూనానీ వైద్యంలో దీని పేరు 'దల్క్'. ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' మొదటి గ్రంథంలోనే దీనిని ప్రస్తావించాడు. గట్టి మర్దన దేహాన్ని బిగిస్తుందనీ, మెత్తనిది సడలిస్తుందనీ, అతిగా చేస్తే మనిషి చిక్కిపోతాడనీ వివరించాడు.

అయితే స్పర్శను గూర్చిన ఆయన అసలు చింతన 'కితాబున్నఫ్స్'లో ఉన్నది. ప్రాణిని ప్రాణిగా నిలిపే మొదటి ఇంద్రియం స్పర్శే. అది ఒకే శక్తి కాకపోవచ్చు. వేడిని చలువను, తడిని పొడిని, గట్టిని మెత్తను, గరుకును నునుపును గుర్తించే వేర్వేరు శక్తులు కావచ్చు. ఇంద్రియాలు తెచ్చినవన్నీ మెదడు ముందరి గదిలో, 'హిస్సె ముష్తరక్' వద్ద కలుస్తాయన్నాడు.

ఇంకా పాత ఉదంతమొకటి ఉన్నది. 2వ శతాబ్దపు జాలీనూస్ వద్దకు ఒక రోగి వచ్చాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలిలో సగం మొద్దుబారాయి. ఇతర వైద్యులు వేళ్ళకే మందు పూస్తున్నారు. ఆ మనిషి అంతకుముందు బండి మీదనుంచి పడ్డాడని తెలుసుకుని, జాలీనూస్ మెడ కింద వెన్నుపై మందు పెట్టించాడు, స్పర్శ తిరిగివచ్చింది. జబ్బు వేలిలో లేదు, నరం బయలుదేరేచోట ఉన్నది! జాలీనూస్ గ్రంథాలను హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (మ. 873), ఆయన శిష్యులు అరబీలోకి తెచ్చారు. వాటినుంచి విరివిగా ఉటంకించిన అర్రాజీ 'అల్ హావీ'ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫే (స్థాపన 1888). తొలి సంపుటం శిరోవ్యాధులకే కేటాయించబడింది.

ఇంతమాత్రాన నేటి నాడీశాస్త్రమంతా హకీములకు ముందే తెలుసుననడం వారికి గౌరవం కాదు. మెదడు పొరపై ఏ అవయవానికి ఎక్కడ చోటున్నదో పెన్‌ఫీల్డ్, బోల్డ్రేలు 1937లోగాని ప్రకటించలేదు. ఆ చోటు మారగలదని చూపినవి మర్జెనిక్ బృందం కోతులపై చేసిన పరిశోధనలు. 1984లో, వేలు తీసివేసిన కోతిలో ఆ వేలి స్థానాన్ని పక్క వేళ్ళు ఆక్రమించుకున్నాయి. 1990లో, తిరిగే పళ్ళేన్ని వేలికొసలతో తాకడం నేర్చిన కోతుల్లో ఆ కొసల స్థానం విస్తరించింది. 1992 నాటి ఫలితం మరీ ముఖ్యం: అదే స్పర్శ తగిలినా, ధ్యాస శబ్దంపై ఉన్న కోతిలో అటువంటి మార్పు దాదాపు రాలేదు.

మాలిష్‌కూ, నేటి స్పర్శ శిక్షణకూ తేడా ఇక్కడే. మాలిష్‌లో రోగి ఊరకే కూర్చుంటాడు. శిక్షణలో అతడే పనిచేయాలి. తాళంచెవి, నాణెం, గరుకు గుడ్డ ముందు చూస్తూ తడుముతాడు; తర్వాత కళ్ళు మూసుకుని అదేమిటో చెబుతాడు. తప్పితే కళ్ళు తెరిచి మళ్ళీ తాకుతాడు. ఇందువల్ల అందరికీ ఒకే మేలు చేకూరదు, నెలలూ పట్టవచ్చు. ఇంటివారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: మొద్దుబారిన చేతికి వేడి కాపడం పెట్టేటప్పుడు ఆ వేడిని రెండో చేతితోనో, వేరొకరి చేతితోనో చూడాలి. కాలినా ఆ చేతికి తెలియదు.