640 కిలోబైట్ల బోదె

కాలువ నిండుగా పారుతున్నా బోదె ఇరుకైతే చేను తడవదు. కోనసీమలో పుట్టినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. ఇదే న్యాయం కంప్యూటరుకు కూడ వర్తిస్తుందని మాత్రం నాకు 2004 వరకు తెలియదు.

1995 ప్రాంతంలో నేను మా సీమ పలుకుబడులను సేకరించేవాణ్ణి. పుంత, కురిడీ, దింపు, ఏటిగట్టు వంటి మాటలకు అర్థమూ, విన్న ఊరూ, ప్రయోగమూ వ్రాసిన అట్టముక్కలు రెండు చెప్పుల పెట్టెలకు మించాయి. అమలాపురంలో డీటీపీ పని చేసే నా పూర్వవిద్యార్థి ఒకడు వాటిని చూచి, "మాస్టారండీ, ఇవి చెదలు తినే లోపల కంప్యూటర్లో పెట్టేద్దామండి" అన్నాడు. డాస్ మీద నడిచే చిన్న ప్రోగ్రాము తానే వ్రాశాడు. సాయంత్రాలు నేను చదువుతుంటే అతడు కొట్టేవాడు. అలా 1,140 మాటలు ఫ్లాపీలకెక్కాయి.

ఆ రోజులలో డాసులో తెలుగు కనబడడమే ఒక విశేషం. కాన్పూరు ఐఐటీలో పుట్టి, పూనాలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం దానికి ఆధారం. జిస్ట్ కార్డును యంత్రంలో బిగిస్తే ఇంగ్లీషు కోసం వ్రాసిన ప్రోగ్రాములు సైతం తెలుగు చూపేవి. అక్షరాలు ఇస్కీ అనే సంకేతపద్ధతిలో నిలువ ఉండేవి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో దానిని ప్రమాణంగా ప్రకటించింది.

2004లో మా ఇంటికి విండోస్ ఎక్స్‌పీ ఉన్న యంత్రం వచ్చింది. దాని మెమరీ 256 మెగాబైట్లు. పాత దుకాణపు యంత్రానికున్నది నాలుగే. ఫ్లాపీ పెట్టి ప్రోగ్రామును పిలిస్తే, తగినంత మెమరీ లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి మూసుకొన్నది. అరవై నాలుగు రెట్ల సంపద ఎదుట నిలబడి దారిద్ర్యం చెప్పుకోవడమేమిటని నాకు విస్మయం కలిగింది.

దీని మూలం 1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం పీసీలో ఉన్నది. అందులోని ఇంటెల్ 8088కు చిరునామా తీగెలు ఇరవై. రెండును ఇరవైమార్లు హెచ్చవేస్తే 10,48,576. అంతకు మించిన గదులను అది లెక్కించలేదు. అందులో పై 384 కిలోబైట్లను తెరకూ, యంత్రపు మూలాదేశాలకూ కేటాయించగా, ప్రోగ్రాములకు మిగిలినది 640. అది ఎవరికైనా చాలునని బిల్ గేట్స్ అన్నాడని లోకంలో ఒక మాట ఉన్నది. తానెన్నడూ అనలేదని ఆయన ఖండించాడు. కర్త తెలియని చాటువులన్నీ శ్రీనాథుని ఖాతాలో పడినట్లే ఇదీను.

ప్రోగ్రాములు పెరిగాయి, బోదె పెరగలేదు. అప్పుడు 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఈఎంఎస్ అనే ఏర్పాటు చేశాయి. దానిని చెప్పడానికి మా బొబ్బర్లంక లాకులకంటె మంచి ఉపమానం నాకు దొరకలేదు. లాకు గదిలో పట్టేది కొన్ని పడవలే. ఒక జట్టు వెళ్లాక తలుపులు మూసి, మరొక జట్టును రానిస్తారు. ఈఎంఎస్ కూడ ఒక మెగాబైటు హద్దు లోపలనే 64 కిలోబైట్ల గదిని తీసుకొని, వెలుపలి మెమరీని పదహారేసి కిలోబైట్ల పుటలుగా అందులోనికి రప్పించి పంపుతుంది. ప్రోగ్రాముకు ఎదురుగా ఉన్న నాలుగు పుటలే లోకం.

1991లో వచ్చిన డాస్ 5 మరొక ఉపకారం చేసింది. తన శరీరంలో చాలభాగాన్ని మెగాబైటుకు పైనున్న మొదటి 64 కిలోబైట్లలోనికి జరుపుకొని ప్రోగ్రాములకు చోటిచ్చింది. కాన్ఫిగ్.సిస్ అనే దస్త్రంలో ఏ పంక్తి ముందు, ఏది వెనుక అని కుర్రవాళ్లు గంటలు గంటలు తర్కించుకొనేవారు. యతిస్థానం కుదరక పద్యం దిద్దుకొనే తంటాకు అది తీసిపోదు.

ఎక్స్‌పీలో డాసు లేదు. పాత ప్రోగ్రామును పిలిచినపుడు 80386 నాటినుండి ప్రాసెసరులో ఉన్న ఒక సౌకర్యాన్ని ఆసరాగా తీసుకొని, ఎన్‌టీవీడీఎం అనే ప్రోగ్రాము ఒక మాయా పీసీని కల్పిస్తుంది. దానికీ 640 హద్దే. మా ప్రోగ్రాము ఈఎంఎస్‌ను ఆశ్రయించి వ్రాసినది. ఆ ఏర్పాటు చూసే ప్రాపర్టీస్ పెట్టెలో, మెమరీ అనే పుటలో, ఈఎంఎస్ ఎదుట "లేదు" అని ఉన్నది! నా శిష్యుడు హైదరాబాదు నుండి ఫోనులో చెబుతుంటే అక్కడ 4096 ఎంచాను. ఆటోఎగ్జెక్.ఎన్‌టీ అనే దస్త్రంలో సీడీ కోసం ఉన్న పంక్తిని పనిచేయకుండ చేశాను. ప్రోగ్రాము తెరుచుకొన్నది.

తెరుచుకొన్నది గాని తెలుగు లేదు. గ్రీకు అక్షరాలు, గీతలు, మూలమట్టాలు తెర నిండా ఉన్నాయి. జిస్ట్ కార్డు పట్టే గాడి కొత్త యంత్రంలో లేనే లేదు. కురిడీ ఎక్కడున్నదో, పుంత ఎక్కడున్నదో పోల్చుకోలేక ఆ రాత్రి చాలసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. మెమరీ దొరికింది, జ్ఞాపకం దొరకలేదు.

అయితే యూనికోడులో తెలుగు అక్షరాల వరుస 1988 నాటి ఇస్కీని అనుసరించి కూర్చినదే. అందువల్ల ఒకదానినుండి మరొకదానికి మార్చడం, కొద్ది మినహాయింపులతో, పట్టిక చూచి వ్రాయడం వంటిది. విండోస్‌లోనే తెలుగు ఇస్కీకి 57005 అనే సంఖ్య ఉన్నది. శిష్యుడు సంక్రాంతికి వచ్చి, దస్త్రాలను మార్చి, మొదటి మాట తెరపై చూపాడు. "బోదె".

ఆనాటి ఏర్పాటు ఈనాడు పనికిరాదు. 64 బిట్ల విండోస్‌లో ఎన్‌టీవీడీఎం లేదు. 2021లో వచ్చిన విండోస్ 11 ఆ రకం తప్ప మరొకటి కాదు. ఇప్పుడు నేను వాడేది 2002లో పుట్టిన డాస్‌బాక్స్. అది పాత యంత్రాన్ని ప్రాసెసరుతో సహా అనుకరిస్తుంది. దాని దస్త్రంలో మెమరీ పదహారు మెగాబైట్లని, ఈఎంఎస్ ఉన్నదని ముందే వ్రాసి ఉంటుంది. పిల్లలు కొనిపెట్టిన యంత్రంలో ఎనిమిది గిగాబైట్లున్నా దానికి చూపేది ఆ పదహారే.

1,140లో 1,062 మాటలు చక్కగా వచ్చాయి. తక్కినవి ఉన్న ఫ్లాపీకి బూజు పట్టింది. వాటి అట్టముక్కలు రెండవ చెప్పుల పెట్టెలో ఉండాలి. మొన్న అటక మీద వెదికాను, మొదటి పెట్టె మాత్రం దొరికింది.