ఇస్తినమ్మ లింకు, పుచ్చుకుంటినమ్మ లింకు

1991 సెప్టెంబరులో పాల్ కున్జ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త పనిమీద జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాలకు వెళ్లాడు. అక్కడ టిమ్ బెర్నర్స్-లీ ఆయన్ని కూర్చోబెట్టి, తాను కొత్తగా తయారుచేసిన వరల్డ్ వైడ్ వెబ్‌ను చూపించాడు. కున్జ్‌కు మొదట పెద్దగా ఆసక్తి కలగలేదు. ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరును ప్రశ్న అడిగితే జవాబు తెర మీదికి రావడం చూశాక మాత్రం మనసు మారింది. కాలిఫోర్నియాలో ఆయన పనిచేసే స్లాక్ సంస్థలోనూ అలాంటి మెయిన్‌ఫ్రేమ్‌లో స్పైర్స్ అనే డేటాబేస్ ఉండేది, కణ భౌతికశాస్త్ర పరిశోధన పత్రాల వివరాలు అందులోనే. దాన్ని వెబ్‌లో అందించడానికి ఆ డిసెంబరు 12న స్లాక్‌లో వెబ్ సర్వర్ మొదలైంది. ఐరోపా బయట అదే మొదటిది. మరుసటి నెల ఫ్రాన్స్‌లో జరిగిన సదస్సులో బెర్నర్స్-లీ తన ప్రదర్శనను స్పైర్స్‌లో వెతికి చూపించడంతోనే ముగించాడు. సభలో ఉన్నవాళ్లంతా రోజూ ఆ పత్రాలతో పనిపడే శాస్త్రవేత్తలే. వెబ్‌కు అంతకు మించిన సిఫార్సు ఏముంటుంది!

వెబ్‌లో లింకు అనేది మొదట్నుంచీ ఇలా ఒకే వృత్తిలో ఉన్నవాళ్ల పరిచయం మీద నడిచిందే. తొలి రోజుల్లో ప్రపంచంలోని సర్వర్ల పట్టికను బెర్నర్స్-లీ స్వయంగా చేత్తో రాసి పెట్టేవాడు. కొత్తగా సర్వర్ పెట్టినవాళ్లు ఆయనకు ఈమెయిల్ పంపితే సరిపోయేది.

ఈ పరిచయాల పనిని జీవనోపాధిగా మార్చుకున్న తొలితరం మనిషి టెనెసీ రాష్ట్రానికి చెందిన ఎరిక్ వార్డ్. 1994లో చిన్న సంస్థ ఒకటి పెట్టాడు. ఏ అంశం మీద ఎవరు లింకుల పట్టికలు నడుపుతున్నారో తెలుసుకుని, ఆ మనిషికి పనికొచ్చే సైటు గురించి మాత్రమే ఆ మనిషికి ఉత్తరం రాయడం ఆయన పద్ధతి. 1995లో అమెజాన్ పుస్తకాల దుకాణం తెరిచినప్పుడు దాని లింకుల ప్రచారం చేసింది ఆయనే. అప్పటికి గూగుల్ పుట్టనే లేదు. లింకు వల్ల వచ్చేది వెతుకులాటలో ర్యాంకు కాదు, మనుషులు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగిన గందరగోళమంతా దీన్ని మరిచిపోవడంలోనే ఉంది.

1998లో గూగుల్ స్థాపకులైన స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజీల ప్రాధాన్యాన్ని కొలిచే పేజ్‌ర్యాంక్ పద్ధతిని ప్రకటించారు. మూలం పాతదే. ఒక పరిశోధన పత్రాన్ని మిగతావాళ్లు ఎన్నిసార్లు ఉటంకించారో లెక్కగట్టే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964లోనే వెలువరించాడు. పేజ్, బ్రిన్ ఆ లెక్కను వెబ్‌కు వర్తింపజేసి, లింకును ఓటుగా చూశారు. విలువైన సైటు వేసే ఓటుకు విలువ ఎక్కువ. ఆలోచన గొప్పదే. కానీ 2000లో గూగుల్ తన టూల్‌బార్‌లో ప్రతి పేజీకీ పదికి ఇన్ని మార్కులని ఆకుపచ్చ గీతతో చూపించడం మొదలుపెట్టింది. మార్కు కంటికి కనపడ్డాక దానికి ధర కట్టేవాడు రాకుండా ఉంటాడా? 2002లో సెర్చ్‌కింగ్ అనే సంస్థ ఎక్కువ మార్కులున్న సైట్లలో లింకులను బాహాటంగా అమ్మింది. గూగుల్ దాని మార్కులు కోసేసింది. సంస్థ ఓక్లహోమా కోర్టుకెక్కింది. ర్యాంకు అనేది గూగుల్ అభిప్రాయమంటూ 2003లో న్యాయమూర్తి దావా కొట్టేశారు.

కొనలేనివాళ్లు మార్పిడికి దిగారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. పళ్లడాక్టరు సైటు కింద టైర్ల దుకాణం లింకు, టైర్ల దుకాణం కింద పళ్లడాక్టరు లింకు. పేరంటంలోనైనా వాయనం ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ముఖపరిచయం ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. బ్లాగుల కామెంట్లలో లింకులు కుమ్మరించేవాళ్లను ఆపడానికి 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ మూడూ కలిసి నోఫాలో అనే గుర్తును తెచ్చాయి. అప్పట్లో ఆ గుర్తున్న లింకును ఓటుగా లెక్కించేవారు కాదు. 2007లో వికీపీడియా బయటి లింకులన్నిటికీ దాన్నే తగిలించింది.

అయినా సంత ఆగలేదు. జేసీ పెన్నీ అనే పెద్ద అమెరికన్ దుకాణాల సంస్థ దుస్తులు, దుప్పట్లు, తివాచీల వంటి మాటలన్నిటికీ గూగుల్‌లో పైన నిలవడం వెనక సంబంధం లేని సైట్లలో పెట్టించిన వేల లింకులున్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తమకు తెలియకుండా జరిగిందని సంస్థ చెప్పుకుంది. 2012 ఏప్రిల్ 24న గూగుల్ ఇలాంటి లింకులను శిక్షించే పెంగ్విన్ మార్పును దించింది. ఆంగ్ల వెతుకులాటల్లో దాదాపు 3 శాతం మీద దాని దెబ్బ పడిందని ఆ సంస్థే చెప్పింది.

అప్పుడు అందరికీ మళ్లీ మనుషులు గుర్తొచ్చారు. సరుకు ఇచ్చే కంపెనీ తన డీలర్ల పట్టికలో మీ పేరు పెట్టడం, మీరు వాడే యంత్రం గురించి తయారీదారు సైటులో మీ అభిప్రాయం వేయడం, వర్తక సంఘం సభ్యుల జాబితా, చదివిన కాలేజీ పూర్వవిద్యార్థుల పేజీ. ఇవన్నీ వార్డ్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవే, కొత్త పేరు మాత్రం ‘రిలేషన్‌షిప్ లింక్ బిల్డింగ్’. హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కూడా ఇప్పుడిది పాఠమే. దీన్నీ పాడుచేయడానికి ఎక్కువకాలం పట్టలేదు. స్నేహం పేరుతో వేరొకరి బ్లాగులో వ్యాసం రాసి లింకు దూర్చే అతిథి వ్యాసాల పద్ధతి ఎంత చెడిపోయిందంటే, 2014 జనవరిలో గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ ఇక దాని పని అయిపోయిందని ప్రకటించాల్సి వచ్చింది.

పరిచయస్తుణ్ణి లింకు అడగడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. గూగుల్ అనేదే లేకపోయినా అతను ఆ లింకు ఇచ్చేవాడా అన్నది ఒక్కటే చూసుకోవాలి. డీలరు చిరునామా కావలసిన కొనుగోలుదారుకు ఆ పట్టిక అవసరం, కాబట్టి ఇచ్చేవాడే. పళ్లడాక్టరుకు టైర్లతో పనేముంది? డబ్బో కానుకో పుచ్చుకుని ఇచ్చిన లింకుకైతే 2019 సెప్టెంబరు నుంచి స్పాన్సర్డ్ అనే ప్రత్యేకమైన గుర్తు ఉంది, దాన్ని పెడితే పేచీ లేదు.

కాబట్టి సైటుకు లింకులు కావాలంటూ వేలమందికి ఒకే ఈమెయిల్ పంపే ముందు మీ పాత బిల్లు పుస్తకాలు తిరగేయండి. మిమ్మల్ని ఎరిగినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి.