నందిసీమలో మన నడక

వ్యాయామమను మాట నేడు వాడుకలో మిక్కిలి పెరిగినది. దానికొక ప్రత్యేకమైన వేళయు, ప్రత్యేకమైన స్థలమును, ప్రత్యేకమైన దుస్తులును, అన్నిటికిమించి ప్రత్యేకమైన రుసుమును ఏర్పడినవి. మన తాతముత్తాతలు ఈ మాటను ఎప్పుడో గాని పలికియుండరు. ఊరి తాలింఖానాలో సాముచేయు పడుచువాండ్రకు తప్ప తక్కినవారికి దానితో పనిలేకపోయెను. అయినను వారి దినములో దేహమునకు పనిలేని జాము లేదు. కాళ్లకు పనిలేని పండుగయు లేదు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రను రాజులనుబట్టి వ్రాయవచ్చును, పాళెగాండ్రనుబట్టి వ్రాయవచ్చును, శాసనములనుబట్టియు వ్రాయవచ్చును. ఆ పనిని పండితులు చేయుదురు గాక. నేను ఇచ్చట వారి నడకను గూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఏలయన, ఈ సీమ మనకు కాలినడకచేతనే సొంతమైనది. మన మాటయు ఆ నడకలోనే బిడ్డల కందినది.

మన సీమకు నడిమి కంబము నందిదుర్గము. సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తుగల ఈ కొండయు, దాని పొరుగు కొండలును అనేకమగు ఏళ్లకు పుట్టినిండ్లు. ఉత్తరపినాకిని యనబడు పెన్న చెన్నకేశవగిరియందు పుట్టి, హిందూపురపు సీమను దాటి, చాలదూరము సాగి నెల్లూరిసీమలో సముద్రమును చేరుచున్నది. చిత్రావతి బాగేపల్లి ప్రక్కగా పాఱి, పుట్టపర్తిమీదుగా పోయి పెన్నలో కలియును. పాపఘ్నియు ఈ ప్రాంతముననే పుట్టి కడపసీమలో ఆ పెన్ననే చేరును. ఇట్లు మన కొండల నీరు తెలుగుదేశమునకు దిగిపోవుచున్నది. ఆ దేశమునుండి వచ్చిన మన పెద్దలలో అనేకులు ఆ నీటికి ఎదురునడచి వచ్చి యిచ్చట నిలిచిరనవచ్చును.

కాని ఏఱు పుట్టినచోట నీరు నిలువదు. ఇది వానను నమ్ముకొన్న మెట్టసీమ. అందుచేతనే మన పూర్వులు ఊరూరను చెరువు కట్టిరి. తెల్లవారగానే చెరువుకట్ట మీదుగా చేనికిపోవుట, చేను చూచి మధ్యాహ్నమునకు తిరిగివచ్చుట, సంతనాడు మూట నెత్తిన బెట్టుకొని క్రోసులకొలది నడచుట, ఇవి సామాన్యులకు నిత్యకృత్యములు. ఇంట తిరుగలి, రోలు, రోకలి ఉండెను. ఆడువారు దిగుడుబావి మెట్లు దిగి కడవతో ఎక్కిరి. దీనినంతయు కేవలము పొగడుట న్యాయము కాదు. ఆ నడకలో ఆకలి కలదు, అప్పు కలదు, ఎండకాలమున నీటికై పడిన పాట్లు కలవు. కొళాయి వచ్చి ఇల్లాలి నడుమునకు విశ్రాంతి కలిగినందుకు సంతసింపవలసినదే. అయితే కష్టముతోబాటు కదలికయు తొలగిపోయినది. ఆ రెండింటిని వేఱుచేసి, మొదటిదానిని వదలి రెండవదానిని నిలుపుకొనుట మనకు చేతకాకపోయెను.

ఈ సీమ నడకకు ఒక మహనీయుని పేరు చెప్పవలసివచ్చినచో కైవారము తాతయ్యగారి పేరే చెప్పవలెను. చింతామణి తాలూకాలోని కైవారమున జన్మించిన నారాయణయతీంద్రులు 1726 మొదలు 1836 వఱకు నూటపదేండ్లు జీవించిరని సంప్రదాయము. ఆయన గాజులు అమ్ముకొను కుటుంబమున పుట్టిరి. గాజుల మలారము వీపున వేసికొని పల్లెపల్లెకు తిరుగుట ఆ వృత్తి ధర్మము. అట్లు తిరిగిన ఆయన తరువాత కొండగుహను ఆశ్రయించి తపస్సుచేసి, తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. ఆయన శతకములు తెలుగువే. ఏ గడపలో ఏ భాష పలుకుదురో, ఏ మాట ఎవరికి తాకునో గడపగడపకు తిరిగినవానికే తెలియును. నేటికిని గురుపూర్ణిమకు కైవారమున జరుగు సంగీతోత్సవమునకు ఊళ్లనుండి భజనగోష్ఠులు తరలివచ్చుచున్నవి. రెండు భాషల కీర్తనలును ఒకే నోట పలుకుచుండును. ఇంట తెలుగు, బడిలోను కచేరిలోను కన్నడము గల మనవంటి కుటుంబములకు ఇంతకుమించిన ఆదర్శము లేదు.

సెలవుదినమున దేహమునకు పూర్తి విశ్రాంతి నీయవలెనను తలంపు మన పెద్దలకు లేదు. సెలవనగా తీర్థము, తీర్థమనగా నడక. నందిగ్రామమున భోగనందీశ్వరుడు కొండ క్రింద, యోగనందీశ్వరుడు కొండ పైన వెలసియున్నారు. క్రింది ఆలయపు పూర్వచరిత్ర తొమ్మిదవ శతాబ్దినాటి శాసనములదాక పోవుచున్నది. మహాశివరాత్రికి అచ్చట తేరును, పశువుల జాతరయు జరుగును. ఆషాఢ సోమవారమున నందిగిరికి ప్రదక్షిణము చేయువారు నేటికిని కలరు. బాగేపల్లివారికి గడిదము వేంకటరమణస్వామి తేరు, చింతామణివారికి ఆలంబగిరి, కైవారములు ఉండనేయున్నవి. సద్దిమూట కట్టుకొని, పొద్దుపొడవక ముందే బయలుదేరి, దారిలో మఱ్ఱిక్రిందనో కానుగక్రిందనో దిగి, చెరువులో కాళ్లు కడుగుకొని, సంగటియు చింతకాయపచ్చడియు తిని సాగిపోవుట ఆనాటి విహారయాత్ర. కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయు ఆచారమునందును ఉద్దేశ్యమిదియే. భగవంతుని పేరుచెప్పి మన పెద్దలు ముసలివారిని, పడుచువారిని, పసివారిని ఒక్కసారిగా ఇంటినుండి వెలుపలికి తెచ్చిరి.

కొండనెక్కినవారందఱు భక్తులు కారు. టిప్పుసుల్తాను బలపఱచిన నందికోటను పట్టుటకు ఇంగ్లీషు సైన్యము మూడువారములు శ్రమపడవలసివచ్చెను. కొండవాలున దారి తొలిచి, పెద్ద ఫిరంగులను పైకి లాగి, 1791 అక్టోబరు 19వ తేదీన వారు కోటను గైకొనిరి. యుద్ధముకొఱకు ఎక్కిన ఆ కొండనే పిమ్మట చల్లదనముకొఱకు ఎక్కసాగిరి. 1834 మొదలు 1861 వఱకు మైసూరు రాజ్యమునకు కమీషనరుగా నుండిన మార్కు కబ్బనుదొర వేసవిలో ఇచ్చట నివసించుచుండెను. మోటారుదారి లేని ఆ కాలమున పైకి పోవుటకు కాలినడకయో, గుఱ్ఱమో, డోలీయో తప్ప వేఱు సాధనము లేదు. దొర డోలీలో ఎక్కినను మోసినవారు నడచియే ఎక్కిరన్న సంగతి మనము మరువరాదు.

1927వ సంవత్సరమున రక్తపుపోటుచే అలసిన మహాత్మాగాంధిగారు వైద్యుల సలహాపై ఈ కొండకు వచ్చి సుమారు నెలన్నర విశ్రమించిరి. మరల 1936లోను వచ్చిరి. వారు బసచేసిన బంగళాకు నేడు గాంధీనిలయమని పేరు. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. నందికొండపై విశ్రాంతి తీసికొనిన మూడేండ్లకు, అనగా 1930 మార్చి 12వ తేదీన, అఱువదియేండ్లు నిండిన ఆ మహాత్ముడు సబర్మతినుండి కాలినడకన బయలుదేరి, 240 మైళ్లు నడచి, ఏప్రిల్ 5వ తేదీన దండి చేరెను. మంచి విశ్రాంతియనగా మరల నడచుటకు బలమిచ్చు విశ్రాంతియని దీనివలన తెలియుచున్నది. ఉద్యోగమునుండి విరమించిన నావంటివారు దీనిని ప్రత్యేకముగ జ్ఞప్తియందుంచుకొనవలెను.

నందికొండ క్రిందనే ముద్దేనహళ్లి కలదు. అచ్చట పుట్టిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి పేరు విననివారు లేరు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వచ్చిన తెలుగువారు. 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా పనిచేసి, 1955లో భారతరత్న బిరుదము నంది, 1960లో శతజయంతిని తామే కన్నులార చూచి, 1962లో పరమపదించిరి. మితాహారము, వేళతప్పని దినచర్య, నిత్యము నడక, ఇవి ఆయన అలవాట్లు. ఆయన సంపాదించిన కీర్తి మనకందఱకు లభింపదు. ఆయన అలవాట్లకు మాత్రము ఏ పరీక్షయు నెగ్గనక్కఱలేదు.

రైలు వచ్చెను, బస్సు వచ్చెను, పిమ్మట ఇంటింట స్కూటరు, నేడు కారు వచ్చినవి. 2007లో కోలారునుండి విడివడి చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా అయినది. ఊళ్లు పెరిగినవి, కచేరీలు పెరిగినవి. వాహనములవలన కలిగిన మేలును కాదనుట కృతఘ్నత. అర్ధరాత్రమున ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చినది ఆ వాహనమే. కాని ఆదివారమునాడు నందికొండకు పోయి చూడుడు. పై వాకిటివఱకు వాహనముల వరుస. దిగినవారు నూఱడుగులు వేసి, ఛాయాచిత్రము తీసికొని, తినుబండారములు తిని మరల ఎక్కుదురు. కొండను చూచితిమందురు, కొండ వారి కాళ్లకు తెలియనే తెలియదు.

కుర్చీలో కూర్చుండి పనిచేయువారికి కలుగు హానిని గూర్చి వైద్యశాస్త్రము చాలకాలము క్రిందటనే హెచ్చరించినది. లండనునగరమున జెరీ మోరిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సులలోని ఉద్యోగులను పరిశీలించి 1953లో తన ఫలితములను ప్రకటించెను. కూర్చుండి బస్సు నడుపువారికంటె, దినమంతయు మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చువారికి గుండెజబ్బు తక్కువగా నుండెను. తపాలాశాఖయందును ఇట్లే, ఇల్లిల్లు తిరిగి ఉత్తరములిచ్చువారు బల్లయొద్ద కూర్చుండు గుమాస్తాలకంటె మేలుగా నుండిరి. ముప్పదియేండ్లకు పైగా దస్త్రములు త్రిప్పిన నేను ఈ సంగతి చదివి మా ఊరి తపాలాబంట్రోతును అసూయతో తలంచుకొంటిని. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు ఓ మోస్తరు శ్రమయైనను చేయవలెననియు, బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములు శ్రమించి ఆడవలెననియు 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించినది. దినమున కొక అరగంట చొప్పున వారమున ఐదునాళ్లు చెరువుకట్టపై వడిగా నడచినచో 150 నిమిషములును పూర్తియగును. దానికి రుసుము లేదు.

దేహమునకు కలుగు నష్టముకంటె మన కుటుంబములకు దగ్గఱగ తాకు నష్టము మఱొకటి కలదు. మన పిల్లలు బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుచున్నారు. అది అవసరము, ఈ నేల భాష కన్నడము, దానిని గౌరవముతో నేర్వవలసినదే. తెలుగు ఇంటికి మాత్రము పరిమితమైనది. ఇంటి నాలుగుగోడల నడుమ ఒక భాషకు మిగులునవి ఏమి? తిను, త్రాగు, పండుకొను, తలుపు వేయు అను మాటలు. తంగేడు, ఊడుగ, జిల్లేడు, బలుసు అను చెట్ల పేర్లు ఇంట వినబడవు. గోరువంకయు పాలపిట్టయు ఇంట వ్రాలవు. దిన్నె, వంక, గుండము, తూము, అలుగు అను మాటలకు ఇంట పనియే లేదు. తాత ముందు నడచుచు, మనుమడు వెనుక నడచుచు, “అది యేమి తాతా?” యని యడిగినప్పుడు గదా ఆ మాటలు చేయి మారుట! కథయు, సామెతయు, వంశపువారి సంగతులును దారి పొడుగునను దొర్లినవే. వాహనములో పోవు బిడ్డ చేతిలోని ఫోనును చూచును. నడచు బిడ్డ దారిని చూచును. దారిని చూచినవాడు ప్రశ్న వేయును. నడక తగ్గినచోట మాటయు తగ్గుచున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

కావున మన సంఘమువారికిని, గృహస్థులకును ఒక విన్నపము. నెలకొక సెలవుదినమును కుటుంబపు నడకకు కేటాయింతము. వృద్ధులకు కందవారపు చెరువు, గుడిబండ బైరసాగరము వంటి చెరువుల గట్లు తగును. నడివయస్సువారు బైరేగౌడుని గుడిబండ కోటనెక్కి, రాతియందలి నీటిగుండములను చూచి, పాళెగాండ్రకాలమున నీటిని ఎట్లు కాపాడిరో పిల్లలకు చెప్పవచ్చును. బాగేపల్లివారికి గుమ్మనాయకనపాళ్యపు కోట, చింతామణివారికి అంబాజీదుర్గమును, రహమాన్‌గఢమును సమీపముననే కలవు. కాళ్లలో సత్తువగలవారు నందికొండకు ఒక్కసారియైనను మోటారుదారిని విడిచి మెట్లదారిన ఎక్కవలెను. స్కందగిరివంటి చోట్ల అటవీశాఖవారి అనుమతి ముందుగా పొంది, వారి నియమముల ప్రకారమే పోవలెను. చల్లని వేళనే బయలుదేరుట, నీరు వెంట నుంచుకొనుట, వానలో తడిసిన బండల జోలికి పోకుండుట, కోతులకు తిండి వేయకుండుట, తెచ్చిన కాగితమును సంచిని తిరిగి తెచ్చుకొనుట మరువరాదు. గుండెజబ్బో, మోకాలినొప్పియో కలవారు వైద్యుని సలహా పొంది తమ శక్తికొలది నడచిన చాలును. అందఱును శిఖరము చేరవలెనను నియమము లేదు; అందఱును గడప దాటవలెనన్నదే నియమము.

నిత్యజీవితమునను చిన్న మార్పులు చేసికొనవచ్చును. అరమైలు దూరపు అంగడికి నడచి పోవుట, సాయంకాలము పిల్లలను చెడుగుడుకో బిళ్లంగోడుకో వీధికి విడుచుట, పెరటిలో నాలుగు మొక్కలకు చేతనే నీరుపోయుట, వీనికి ధనవ్యయము లేదు. ఇల్లాలిని మాత్రము వంటకు ఇంట నిలిపి మగవారే నడకకు పోవుట తగదు. నడకలో ఆమెకును సమభాగము కలదు.

పెన్నయు చిత్రావతియు మన కొండలలో పుట్టి తెలుగుదేశమునకు పోవుచునేయున్నవి. వానితో మనము పోలేదు. ఇచ్చటనే ఇండ్లు కట్టుకొని, ఇచ్చటి చెరువుల నీరు త్రాగి, ఇచ్చటి వారమైతిమి. ఇది మన భాగ్యము. మన పెద్దలు కాళ్లతో కొలిచి మనకిచ్చిన ఈ నేలను, దారిలో చెప్పి మనకిచ్చిన ఈ మాటను, మన బిడ్డలకు ఆ విధముగనే అందించుట మన విధి. రానున్న కార్తికమాసమున మన మూడు తాలూకాల కుటుంబములవారును కలసి, వాహనములను ఊరివెలుపల నిలిపి, నడచిపోయి ఒక చెట్టునీడను వనభోజనము చేయుదురని ఆశించుచు విరమించుచున్నాను.