గీతలకు పేర్లు వచ్చిన చరిత్ర

వార్తాపత్రిక పుటను పరికించి చూచినచో, అక్షరముల వెనుక కంటికి కనబడని గీతలు కొన్ని ఉన్నట్లు తోచును. శీర్షిక ఒక గీత వద్ద మొదలగును. చిత్రము మరియొక గీత వద్ద ముగియును. ముద్రాపకులకు చిరపరిచితమైన ఈ పద్ధతి వెబ్ పుటలకు సంక్రమించుటకు ఇరువది ఏండ్లకు పైగా పట్టినది. ఆ గీతలకు పేర్లు పెట్టవచ్చుననుట ఈ చరిత్రలో చిన్నదిగా కనబడు పెద్ద మెట్టు.

1994 అక్టోబరులో నార్వే దేశీయుడగు హోకన్ వియుమ్ లీ, సెర్న్ పరిశోధనాలయములో పని చేయుచు, వెబ్ పుటల రూపమును నిర్దేశించు సి.ఎస్.ఎస్. భాషను ప్రతిపాదించెను. డచ్చి దేశీయుడగు బెర్ట్ బోస్ ఆయనతో కలిసెను. 1996 డిసెంబరులో తొలి ప్రమాణము వెలువడెను. అక్షరముల రంగును, పరిమాణమును ఆ భాష చక్కగా చెప్పగలిగెను గాని, పుటను నిలువు వరుసలుగా విభజించు సాధనము అందులో లేదు. అందుచేత రూపకర్తలు అంకెల పట్టికలకై ఉద్దేశింపబడిన టేబులునే పుటకు చట్రముగా వాడుకొనిరి. తరువాత బొమ్మను ఒక ప్రక్కకు జరుపుటకై ఏర్పడిన ఫ్లోట్ అను సదుపాయముతో వరుసలు కట్టిరి. రెండును పని గడుపుకొను ఉపాయములే. ఒక వరుస వెడల్పు మారినచో తక్కినవి చెదరిపోయెడివి.

ఈ చిక్కును విప్పుటకు రెండు మార్గములు బయలుదేరినవి. 2005 డిసెంబరు నాటి ముసాయిదాలో బోస్, పుటలోని ఒక్కొక్క భాగమునకు ఒక అక్షరము నిచ్చి, ఆ అక్షరములతోనే పుట పటమును గీయవచ్చునని సూచించెను. మైక్రోసాఫ్టు ఇంజనీర్లు 2007లో గీతల చట్రమును ప్రతిపాదించి, 2011 ఏప్రిలులో దానిని గ్రిడ్ అను క్రొత్త ముసాయిదాగా వెలువరించిరి. 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 ఆ విధానమును ఆచరణలోనికి తెచ్చినది. అయితే అందులో గీతలను సంఖ్యలతో మాత్రమే చెప్పవలసి యుండెను.

సంఖ్యలతో వచ్చు ఇబ్బంది యేమి? మూడు నిలువు వరుసలకు నాలుగు గీతలుండును. వార్తను 2వ గీత నుండి 3వ గీత వరకు ఉంచుమని ఆజ్ఞాపించితిమనుకొందము. ఎడమ ప్రక్కన ప్రకటనలకై ఒక వరుస చేర్చినంతనే వెనుకటి 2వ గీత 3వది యగును. వార్త తనది కాని వరుసలో పడును. ఇట్టి ఆజ్ఞలు నూరు ఉన్నచో నూరింటిని దిద్దవలెను. చేతిఫోను తెరకు వేరొక లెక్క. ఆ గీతకే ఒక పేరున్నచో, అది ఎక్కడికి జరిగినను ఆజ్ఞ చెల్లును.

పేర్లను వ్రాయు తీరును మారినది. ముసాయిదాలలో ఒక దశయందు వాటిని గుండ్రని బ్రాకెట్లలో నుంచిరి. సాస్ వంటి సహాయక భాషలలో ఆ గుర్తుకు వేరు అర్థముండుటచే చదరపు బ్రాకెట్లకు మార్చిరి. ఒక గీతకు రెండు పేర్లుండవచ్చును: ఒక వరుస ముగిసిన చోటనే మరియొకటి మొదలగును గదా! ఒకే పేరు పలు గీతలకుండినచో, ఆ పేరు గల మూడవ గీత యని చెప్పవచ్చును. రెండు గీతలకు ‘మెయిన్-స్టార్ట్’, ‘మెయిన్-ఎండ్’ అని పేరిడినచో, వాటి నడుమ ప్రదేశము తనంత తానే ‘మెయిన్’ అగును. ప్రదేశమునకు పేరిడినచో దాని అంచులకు అవే పేర్లు కలుగును. ఈ విధముగా బోస్ పటమును, మైక్రోసాఫ్టు గీతలును ఒకటైనవి.

స్పెయిను దేశపు ఇగాలియా సంస్థ, బ్లూమ్‌బర్గ్ ఆర్థిక సహాయముతో, ఈ విధానమును క్రోమ్, సఫారీల మూల ఇంజనులలో నిర్మించినది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడును గ్రిడ్‌ను స్వీకరించినవి. ఒకే నెలలో ఇన్ని బ్రౌజర్లు ఏకమగుట అరుదైన సంఘటన.

గీతల పేర్లు ఆంగ్లములోనే ఉండనక్కరలేదు. నియమముల ప్రకారము తెలుగు లిపిలోను పెట్టవచ్చును. స్టార్ట్, ఎండ్ అను చివరి మాటలను మాత్రము ఆంగ్లములో నుంచిననే ప్రదేశము తనంత తాను ఏర్పడును. సంఖ్య గీత యొక్క స్థానమును తెలుపును. పేరు దాని ప్రయోజనమును తెలుపును. ఒకరు వ్రాసిన పుటను ఏండ్ల తరువాత మరియొకరు దిద్దవలసి వచ్చినపుడు ఈ భేదము విలువ తెలియును.