చిన్న ఋణముల చరిత్రము

ఋణము పేదవాని చేతికి ఊతకోల యగును. మెడకు ఉరిత్రాడును అగును. ఏది యెప్పుడగునో చరిత్రమే తెలుపుచున్నది.

1864 వ సంవత్సరమున జర్మనీదేశమందలి హెడ్డెస్‌డార్ఫు గ్రామమున రైఫైజను అను నాతడు ఋణసంఘమును స్థాపించెను. సంఘము చిన్నది; ఒకరి యప్పునకు సభ్యులందఱును పూచీ. కావున అప్పు కోరువాని నడవడిని, అక్కఱను ఇరుగుపొరుగువారే తూచి చూచుచుండిరి. మద్రాసు ప్రభుత్వముచే నియుక్తుడైన ఫ్రెడరిక్ నికల్సను దొర 1895, 1897 సంవత్సరముల నివేదికలలో ఈ పద్ధతినే మన గ్రామములకును సూచించెను. ఆ వెనుక 1904 లో సహకార ఋణసంఘముల చట్టము వెలసెను. అయినను చట్టమొక్కటియే చాలలేదు. రిజర్వుబ్యాంకువారు జరిపించిన 1951-52 నాటి గ్రామఋణ పరిశీలనమున, రైతుల యప్పులలో సహకార సంఘముల పాలు నూటికి 3 వంతులు మాత్రమే యని తేలెను. అధికభాగము వడ్డీవ్యాపారులదే.

1976 లో బంగ్లాదేశమందలి జోబ్రా గ్రామమున ఆచార్య ముహమ్మద్ యూనుస్ 42 మందికి కలిపి 27 డాలర్ల విలువగల సొమ్ము బదులిచ్చెను. అచ్చట వెదురుపీటలు చేయు స్త్రీలు, వెదురు కొనుటకు దళారియొద్ద అప్పుచేసి, అతడు చెప్పిన వెలకే పీటల నమ్మవలసివచ్చుచుండెను. స్వల్పధనము ఆ కట్టును తెంచెను. 1983 లో గ్రామీణ బ్యాంకు ఏర్పడెను. మన దేశమున 1992 లో నాబార్డువారు 500 స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో జతపఱుప నుద్యమించిరి. మొదట పొదుపు, పిమ్మట అప్పు అనునదియే అందలి నియమము.

ఆ నియమము తప్పిన చోట కీడు మూడెను. ఆంధ్రప్రదేశమున లాభాపేక్షగల సంస్థలు ఒక్కొక్క యింటికే పలు అప్పులనిచ్చి, వారము వారము వసూలుచేయ మొదలిడెను. ఒక యప్పు తీర్చుటకు మఱియొక యప్పు! ఆత్మహత్యల వార్తలు వినవచ్చెను. 2010 అక్టోబరులో ప్రభుత్వము అత్యవసరశాసనముచే, వడ్డీ అసలును మించరాదని కట్టడిచేసెను.

హైదరాబాదు పేదవాడలు 104 లో జరిగి, 2015 లో ప్రకటితమైన పరిశోధన మఱియొక సత్యమును తెలిపెను. అంతకుముందే వ్యాపారము గలవారు దానిని పెంచుకొనిరి. కాని మొత్తముమీద కుటుంబముల జీవనవ్యయము చెప్పదగినంతగా పెరుగలేదు.

ఋణనిధి నెలకొల్ప దలచు వదాన్యులారా! వృత్తి యెఱిగియు మూలధనము చాలనివానికి అప్పు మేలుచేయును. రోగముచేతను ఆకటిచేతను నలిగినవానికి కావలసినది అప్పు గాదు, సాయము. ఈ భేదము నెఱిగిన పొరుగువాడే నిధికి నిజమైన కావలి.